వెన్నెముక వైద్యము – బావినీరు

మన ఈపురుపాలెము సముద్రతీరమున నుండుటచే పడమటి మెట్టసీమల నీటిబాధ మనకు దూరపు వార్తవలె తోచును. కాని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు 2022 వరకు మనతో ఒకే ప్రకాశం జిల్లాలోనివే. ఆ సీమ నెల్లూరు జిల్లాలో నుండిన కాలమున, 1937లో షార్ట్ మొదలగు పరిశోధకులు అచ్చటి ఎముకల వ్యాధికి నీటిలోని ఫ్లోరైడే మూలమని ప్రకటించిరి.

ఏండ్లతరబడి అట్టి నీరు త్రాగినచో ఎముక పెరిగి వెన్నుపూసల నాళము ఇరుకగును. వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడును. దక్షిణదేశమున మెదడు, నరముల శస్త్రవిద్యకు 1949లో వెల్లూరునందు డాక్టరు జేకబ్ చాందీగారు పాదు చేసిరి. పిదప మన తెలుగునాట, హైదరాబాదు నిమ్స్‌లో సేవచేసిన డాక్టరు డి. రాజారెడ్డిగారు ఈ ఫ్లోరైడు రోగుల వెన్నుపాము బాధను విశేషముగా పరిశీలించిరి. పూసల వెనుకటి ఎముకను తొలగించి వెన్నుపామునకు చోటు కల్పించుటయే అందలి శస్త్రచికిత్స. వారే ప్రాచీనాంధ్ర నాణెములను గూర్చియు గ్రంథరచన చేసిరి.

అయినను శస్త్రము ఒక్క రోగికే ఊరట. బావి మారనిచో మరియొకడు మంచము పట్టును. లెక్కలు వ్రాయువాడను గనుక ఇంతమాత్రము చెప్పగలను: మొదటి పుటలోని తప్పును కడపటి పుటలో దిద్దుట కష్టము. మన గ్రంథాలయమునకు వచ్చు యువకులు నీటిపరీక్షను గూర్చియు చదువుదురుగాక!