బిడ్డ పుట్టాక మొదలయ్యే గండం

పెదాలు, నాలుక తెల్లగా పాలిపోయి, పాదాలు ఉబ్బి, నాలుగు మాటలకే ఆయాసపడే గర్భిణి నొప్పులతో వస్తే, మా లేబర్ రూమ్‌లో ముందు దిండ్లు వెతికేవాళ్ళం. హిమోగ్లోబిన్ 5 గ్రాముల లోపుకు దిగిన మనిషిని వెల్లకిలా పడుకోబెడితే ఊపిరి ఆడదు. పల్చబడ్డ రక్తంతోనే ఒంటికంతటికీ ప్రాణవాయువు అందించాలని గుండె నెలల తరబడి పరుగెత్తి ఉంటుంది.

"రక్తం లేదంటున్నారు, ఎక్కించేయొచ్చుగా సిస్టరమ్మా!" అనేవాళ్ళు వెంటవచ్చినవాళ్ళు. న్యాయమైన మాటే. కానీ అలసిన గుండె మీదికి సీసాడు రక్తం గబగబా వదిలితే, ఊపిరితిత్తుల్లో నీరు చేరి మనిషే పోవచ్చు. ఈ చిక్కుకి దారి వెతికినవాళ్ళలో నైజీరియాలోని ఇబాదాన్ డాక్టర్లను చెప్పుకోవాలి. ఒక పక్క పల్చని రక్తం తీసేస్తూ, ఇంకో పక్క చిక్కని రక్తం ఎక్కించే పద్ధతిని ఫుల్లర్టన్, టర్నర్ 1962లో ప్రకటించారు. ఓపికతో చేయాల్సిన పని అది. ఒంట్లో నీటిని మూత్రంగా లాగేసే గట్టి మందులు వచ్చాక ఆ అవస్థ తగ్గింది. మా కాలానికి అలాంటి మందే అయిన లాసిక్స్ ఇంజెక్షన్ ఇచ్చి, ఎర్రకణాలు మాత్రమే ఉన్న ప్యాకెట్ చుక్కలు లెక్కపెడుతూ ఎక్కించేవాళ్ళం.

బిడ్డ ఏడుపు వినగానే బయట వరండాలో గండం గడిచిందనుకునేవాళ్ళు. లోపల మాకు అసలు గండం అప్పుడే. గర్భసంచి ముడుచుకుంటూ తనలోని రక్తాన్ని, అరలీటరు దాకా, ఒక్కసారిగా గుండె వైపు తోస్తుంది. అందుకే గర్భసంచిని గట్టిగా ముడుచుకునేలా చేసే మెథర్జిన్, అప్పట్లో అందరికీ అలవాటుగా ఇచ్చేదే అయినా, ఈమెకు ఇచ్చేవాళ్ళం కాదు. అంతకుముందు కాన్పులోనూ గుండె అలసిపోకుండా, ముక్కనివ్వకుండా ఫోర్సెప్స్ వేసేవాళ్ళు. మెథర్జిన్ ఇవ్వలేదని రక్తస్రావాన్ని చూస్తూ ఊరుకోలేం, మరొకరు తట్టుకునేంత పోయినా ఈమె తట్టుకోలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ తర్వాత ఒక రోజంతా నాడి మీద చెయ్యి తీయకూడదనేది మా పెద్ద సిస్టర్ శాసనం.

ఇంతదాకా రాకుండా ఆపే కథ బొంబాయిలో మొదలైంది. 1928లో అక్కడికి వచ్చిన లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన చేసింది. వాళ్ళకి మార్మైట్ అనే చవక ఈస్ట్ సారం పెడితే ఒక రకం రక్తహీనత నయమైంది. 1931లో ఆ సంగతి అచ్చయింది. దాన్లో గుణమిచ్చిన పదార్థమే ఫోలిక్ యాసిడ్. దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల. ఆ పరిశోధనకు పెద్దదిక్కు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో తోబుట్టువులను పోగొట్టుకుని, తానూ దానితో బాధపడ్డ మనిషి. ఆ జబ్బుకీ ఈ మందే పనికొచ్చింది!

ఇనుమూ ఫోలిక్ యాసిడ్ కలిపిన మాత్రలు గర్భిణులకు పంచే కార్యక్రమం మన దేశంలో 1970లో మొదలైంది. పంచడం ఒక ఎత్తు, మింగించడం ఇంకో ఎత్తు. విరేచనం నల్లగా అవుతుందని కొందరు, బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని అత్తగార్లు, మాత్రలు చూరులో దోపేసేవాళ్ళు. అందుకే పరీక్షకి వచ్చినవాళ్ళ చేత గ్లాసు నీళ్ళిచ్చి నా ఎదుటే మింగించి పంపేదాన్ని.