వీగన్ ఆహారం

జంతువుల నుండి లభించే ఏ పదార్థమూ లేని ఆహారాన్ని వీగన్ ఆహారం అంటారు. తెలుగులో దీనిని సంపూర్ణ శాకాహారం అని కూడా వ్యవహరిస్తారు. మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, తేనె కూడా ఇందులో వర్జ్యం. సాధారణ శాకాహారానికీ దీనికీ గల ముఖ్యమైన తేడా పాలే. కనుక శాకాహార కుటుంబం వీగన్ ఆహారానికి మారడమంటే ప్రధానంగా పాడిని విడిచిపెట్టడమే. పాల వలన లభించే మాంసకృత్తులను, కాల్షియాన్ని స్థానికంగా దొరికే ధాన్యాలు, పప్పులు, ఆకుకూరల నుండి పొందవచ్చును. విటమిన్ బి12ను మాత్రం ప్రత్యేకంగా తీసుకోవలసి ఉంటుంది. దీనిని విస్మరించినచో కొన్నేళ్ళకు రక్తహీనత, నరాల జబ్బులు కలిగే ప్రమాదం ఉంది.

హైదరాబాదు తూర్పు భాగాన ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, తార్నాక ప్రాంతాలలో ఆహారానికీ, పోషణకూ, జన్యుశాస్త్రానికీ సంబంధించిన పలు ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. ఈ వ్యాసంలో పేర్కొన్న సమాచారంలో కొంత భాగం ఆ సంస్థల పరిశోధనల నుండి వచ్చినదే.

చరిత్ర

వీగన్ అనే పదాన్ని 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు వాడుకలోకి తెచ్చారు. అదే సంవత్సరం నవంబరులో వీగన్ సొసైటీ ఏర్పడింది. 1994 నుండి ఏటా నవంబరు 1వ తేదీని ప్రపంచ వీగన్ దినంగా జరుపుతున్నారు.

భారతదేశంలో పదం కొత్తదైనా ఆలోచన కొత్తది కాదు. మహాత్మా గాంధీ 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫారంలో ఉండగా పాలు మానివేశాడు. కొన్నేళ్ళ తరువాత తీవ్రమైన అనారోగ్యం వలన మేకపాలు తీసుకొనవలసి వచ్చింది. ఈ సంగతిని ఆయన తన ఆత్మకథలో వివరించాడు. అప్పటికి విటమిన్ బి12 ఇంకా కనుగొనబడలేదు. దానిని 1948లో వేరుచేశారు.

జాతీయ పోషకాహార సంస్థ సూచనలు

నాచారానికి పొరుగున తార్నాక వద్ద, జామై ఉస్మానియాలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి పరిశోధనకై ప్రారంభించిన చిన్న విభాగమే దీనికి మూలం. ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో దీనికి ప్రస్తుత నామం ఏర్పడింది.

2024లో ఈ సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో 2000 కిలోకేలరీల దినసరి ఆహారానికి నమూనా ఉంది. అందులో 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పుదినుసులు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లతో పాటు 300 మి.లీ. పాలు లేదా పెరుగు చేర్చారు. వీగన్ ఆహారానికి మారేవారు భర్తీ చేయవలసినది ఈ 300 మి.లీ. పాలనే. వాటిలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, 350 మి.గ్రా. కాల్షియం, కొంత బి12 ఉంటాయి.

పాలకు బదులుగా తీసుకొనదగినవి

* మాంసకృత్తులు: 40 గ్రాముల వేరుశనగ పప్పులో సుమారు 10 గ్రాములు ఉంటాయి. కందిపప్పు, పెసలు, శనగలు, సోయా చిక్కుడు కూడా మంచి వనరులు. అన్నంలో తక్కువగా ఉండే లైసిన్ అనే ఆమైనో ఆమ్లం పప్పులో సమృద్ధిగా ఉంటుంది. కనుక పప్పన్నం, ఇడ్లీ, పెసరట్టు వంటివి సరైన కలయికలు.
* కాల్షియం: 100 గ్రాముల రాగులలో 340 మి.గ్రా. పైగా ఉంటుంది. పొట్టు తీయని నువ్వులలో ఇంకా చాలా ఎక్కువ. మునగాకు, కరివేపాకు కూడా మంచి వనరులు. తోటకూర, పాలకూరలలోని ఆగ్జాలేట్లు కాల్షియంను పూర్తిగా ఒంటబట్టనివ్వవు. కాబట్టి ఒకే వనరుపై ఆధారపడరాదు. పెద్దలకు రోజుకు 1000 మి.గ్రా. కాల్షియం అవసరమని 2020 నాటి సిఫారసు.
* ఇనుము: పప్పులు, ఆకుకూరలు, చిరుధాన్యాలలో లభిస్తుంది. భోజనంలో నిమ్మరసం లేదా ఉసిరి చేర్చినచో శరీరం దీనిని బాగా గ్రహిస్తుంది. భోజనం కాగానే టీ తాగడం దీనికి అవరోధం.
* ఒమేగా-3 కొవ్వులు: అవిసె గింజల పొడిని కారంపొడిగా అన్నంలో కలుపుకోవచ్చును.
* విటమిన్ డి: ఎండ ముఖ్యమైన ఆధారం. మందుల దుకాణాలలో దొరికే డి3 తరచుగా గొర్రెల ఉన్ని నుండి తీసే కొవ్వుతో తయారవుతుంది. డి2 అయితే వీగన్లకు ఆమోదయోగ్యం.

విటమిన్ బి12

ఈ విటమిన్‌ను మొక్కలు గానీ జంతువులు గానీ తయారుచేయలేవు. కొన్ని రకాల బాక్టీరియాలు మాత్రమే తయారుచేస్తాయి. శాకాహారులకు ఇది పాల ద్వారా లభిస్తుంది. ఇడ్లీ పిండి, చద్దన్నం వంటి పులిసిన పదార్థాల నుండీ, స్పిరులినా నుండీ తగినంత బి12 లభిస్తుందనే నమ్మకం సరైనది కాదు.

పెద్దలకు రోజుకు అవసరమైనది 2 నుండి 2.5 మైక్రోగ్రాములు మాత్రమే. కాలేయంలో దీని నిల్వలు చాలాకాలం ఉంటాయి. అందువలన పాలు మానిన వెంటనే ఏ లోపమూ కనిపించదు. కొన్నేళ్ళ తరువాత నీరసం, నాలుక మంట, కాళ్ళూచేతులలో తిమ్మిర్లు, మతిమరపు మొదలవుతాయి. చికిత్స ఆలస్యమైతే నరాలకు కలిగిన హాని శాశ్వతం కావచ్చును.

బి12 లోపం వీగన్లకే పరిమితం కాదు. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు హైదరాబాదులోని ఆరోగ్యవంతులైన పెద్దలపై జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు మూడవ వంతు మందిలో ఈ లోపం కనిపించింది. అనగా పాలు మానకముందే నిల్వలు తక్కువగా ఉన్నవారు నగరంలో అనేకులు. అందుచేత ఆహారం మార్చుకొనే ముందే రక్తపరీక్ష చేయించుకొనడం మేలు.

ఈ సందర్భంలో గమనించదగిన మరొక విటమిన్ ఫోలిక్ ఆమ్లం. దీనిని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం కృత్రిమంగా తయారుచేసింది. ఆకుకూరలు, పప్పులు తినేవారికి ఇది సమృద్ధిగా లభిస్తుంది. బి12 లేనప్పుడు ఫోలిక్ ఆమ్లం అధికంగా ఉన్నచో రక్తహీనత బయటపడదు, కాని నరాల క్షీణత లోలోపల కొనసాగుతుంది.

బి12 తీసుకొనేందుకు వీగన్ సొసైటీ రెండు పద్ధతులను సూచిస్తుంది: రోజుకు కనీసం 10 మైక్రోగ్రాముల మాత్ర, లేదా వారానికి మొత్తం 2000 మైక్రోగ్రాములు. బాక్టీరియాల సాయంతో తయారవుతుంది కనుక మాత్రలోని బి12 వీగన్ పదార్థమే. జెలటిన్ గొట్టాలలో వచ్చేవి మాత్రం కావు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, వృద్ధులు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారు వైద్యుని సలహా తప్పక పొందాలి.

పాలు అరగకపోవడం

కొందరు ఆరోగ్య కారణాల వలన పాలు మానుతారు. పాలలోని లాక్టోజ్ చక్కెరను అరిగించే శక్తి చాలామందిలో బాల్యానంతరం తగ్గిపోతుంది. ఉప్పల్ రోడ్డులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు కూడా పాల్గొని 2011లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఈ శక్తిని పెద్దవయసులోనూ నిలిపి ఉంచే జన్యు మార్పు భారతదేశపు వాయవ్య ప్రాంతాలలో ఎక్కువగానూ, ఆగ్నేయానికి వచ్చేకొద్దీ తక్కువగానూ ఉంది. పాలు పడనివారిలో పలువురికి పెరుగు, మజ్జిగ పడతాయి.

మారే విధానం

ఒక్కసారిగా కాక క్రమంగా మారడం సులభం.

# మొదట ఇంట ఇదివరకే ఉన్న వంటలను గుర్తించాలి. జొన్నరొట్టె, సర్వపిండి, సకినాలు, పచ్చిపులుసు, గోంగూర పప్పు, గుడాలు, చింతపండు పులిహోర నెయ్యి లేకుండానే చేసుకొనదగినవి.
# తరువాత నెయ్యికి బదులు నువ్వుల నూనె లేదా వేరుశనగ నూనె వాడాలి.
# టీలో పాలు మానడం పలువురికి కష్టం. అల్లం, నిమ్మరసంతో చేసిన టీ లేదా సోయా పాలు అలవాటు చేసుకోవచ్చును.
# చివరగా పెరుగు. వేరుశనగ పప్పు నానబెట్టి, రుబ్బి, వడగట్టి, కాచి, గోరువెచ్చగా ఉండగా పచ్చిమిరప తొడిమలు వేసి తోడుపెడతారు. రుచి కొంత వేరుగా ఉన్నా దీనితో మజ్జిగ, తాలింపు పెరుగు చేసుకోవచ్చును.
# బి12ను మొదటి రోజు నుండే ప్రారంభించాలి.

పండుగలు

ఆషాఢంలో బోనాల సమయంలో అమ్మవారికి సమర్పించే బోనం సాధారణంగా బియ్యం, పాలు, బెల్లంతో వండుతారు. సద్దుల బతుకమ్మ నాటి సద్దులలో పెరుగన్నం తప్ప పులిహోర, నిమ్మకాయ అన్నం, కొబ్బరి అన్నం, నువ్వుల అన్నం నెయ్యి వేయనిచో వీగన్ వంటకాలే. ప్రసాదం విషయంలో కొందరు మినహాయింపు పాటిస్తారు. కొందరు కొబ్బరి పాలతో వండుకొంటారు.

ప్యాకెట్లపై గుర్తులు

ప్యాకెట్లపై ఉండే ఆకుపచ్చ చుక్క శాకాహారాన్ని మాత్రమే సూచిస్తుంది. ఆ ఆహారంలో పాలు, తేనె ఉండవచ్చును. వీగన్ ఆహారానికి వేరుగా నిబంధనలు 2022లో వచ్చాయి. దాని గుర్తు ఆకుపచ్చ రంగులో మొలకతో కూడిన ఆంగ్ల వి అక్షరం. ఈ గుర్తు లేని వస్తువులలో పాలపొడి, కేసీన్, వే, లాక్టోజ్ అనే పదాలను వెదకాలి. ఉస్మానియా బిస్కట్లలోనూ, చల్ల మిరపకాయలలోనూ పాల పదార్థాలు ఉంటాయి. ఆహార పదార్థాల నమూనాలను పరీక్షించే తెలంగాణ రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలోనే ఉన్నది.

అనుకూల, ప్రతికూల వాదనలు

పాడి పరిశ్రమలో దూడలను తల్లి నుండి వేరుచేయడం, వట్టిపోయిన పశువులు కబేళాలకు చేరడం, పశువుల వలన మీథేన్ వాయువు వెలువడడం వీగన్ల ప్రధాన ఆక్షేపణలు. తెలుగు రాష్ట్రాలలో ఒకటి రెండు గేదెలపై ఆధారపడి జీవించే చిన్న రైతులు ఎందరో ఉన్నారనీ, పేదల ఆహారంలో పాలు విలువైన భాగమనీ ప్రతివాదులు అంటారు. ఏ పక్షాన ఉన్నవారైనా బి12 విషయంలో జాగ్రత్త వహించడం అవసరం.

ఇవి కూడా చూడండి

* శాకాహారం
* విటమిన్ బి12
* జాతీయ పోషకాహార సంస్థ
* యల్లాప్రగడ సుబ్బారావు
* చిరుధాన్యాలు