నూట యేబదినాలుగవ దినము

మన ప్రాంతములలో గర్భిణికి ఆరవ నెల ప్రవేశించినదనగా పుట్టినింటివారు చలిమిడి కలుపుట, గాజులు కొనుట, సీమంతమునకు ముహూర్తము చూచుట మొదలగు పనులలో మునిగియుందురు. నేను కాపురముండు ఫిన్లండు దేశములో ఇంచుమించు అదే కాలమున ఇంకొక ముచ్చట జరుగును. గర్భమునకు నూట యేబదినాలుగు దినములు, అనగా 22 వారములు, నిండినంతనే ప్రతి తల్లియు ప్రభుత్వమువారి సాంఘిక భద్రతాసంస్థయైన ‘కెలా’కు ఒక దరఖాస్తు పెట్టుకొనవచ్చును; పెట్టుకొన్న కొలది దినములకు ఆమె పేర ఒక పెద్ద అట్టపెట్టె తపాలాలో వచ్చును. నాకిప్పుడు 25వ వారము. నిన్న సాయంకాలము మా వారు ఆ పెట్టెను పిల్లలాడుకొను మంచుబండిపై నుంచి, తాడుపట్టి లాగుకొనుచు ఇంటికి తెచ్చిరి. మూత తీసి చూచితిమి: ఉన్ని మేజోళ్లు, చెవులు కప్పు టోపీలు, మంచులో తొడుగు దళసరి అంగీ, దుప్పటి, స్నానపు నీటి వేడిని చూచు ఉష్ణమాపకము, బొటనవ్రేలంత గోళ్ల కత్తెర, ఒక బొమ్మల పుస్తకము, అన్నిటికిని అడుగున పెట్టె కొలతకు సరిగా కుట్టిన చిన్న పరుపు. వస్తువులన్నియు తీసివేసినచో ఆ పెట్టెయే బిడ్డకు తొలి పడక యగును.

ఈ సంబరమును ఫోనులో అమ్మకు చూపితిని. ఆమె ముఖము వాడినది. “పుట్టకముందే ఇన్ని బట్టలేంటే తల్లీ! ఇంకా మూడు నెలలు పైనే ఉంది కదా. మూతేసి ఓ మూలన పెట్టెయ్, ఎవరికీ చూపించకు,” అనినది. అమ్మ మాటను నేను మూఢనమ్మకమని త్రోసివేయజాలను. ముందుగా కుట్టించిన చొక్కాలు తొడిగించుకొనకయే మట్టిలో కలిసిపోయిన పసికందులను తలచుకొని, ఎన్నో తరముల తల్లులు కన్నీటితో ఏర్పరచుకొన్న కట్టుబాటది. నన్ను రాత్రియెల్ల మేలుకొలిపిన సంగతి వేరొకటి: ఈ పెట్టెయు సరిగా ఆ దుఃఖమునుండియే పుట్టినది. ఒకే భయమునకు రెండు దేశములు రెండు విధములుగా సమాధానము చెప్పుకొన్నవి. ఈ దేశము చెప్పుకొన్న సమాధానపు చరిత్రను మీకు విన్నవించుటయే నా యుద్దేశము.

ఫిన్లండు అనగానే మనవారు ధనిక దేశమని తలంతురు. ధనికులు కనుక తల్లులకు కానుకలు పంచుచున్నారని సులభముగా తేల్చివేయుదురు. చరిత్ర క్రమము దానికి తలక్రిందులైనది. 1866 మొదలు 1868 వరకు వచ్చిన క్షామములో ఈ దేశపు ప్రజలలో నూటికి ఇంచుమించు ఎనమండుగురు నశించిరి. 1917లో రష్యా నుండి స్వాతంత్ర్యము ప్రకటించుకొనిన కొలది వారములకే అంతర్యుద్ధము చెలరేగి ముప్పది వేలకు పైగా ప్రాణములను బలిగొని, లెక్కకు మిక్కిలియైన పిల్లలను అనాథలను చేసినది. 1930వ దశకములో సయితము ఇచట పుట్టిన వేయిమంది శిశువులలో ఇంచుమించు 65 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. నేడా సంఖ్య మూడుకు లోపల నున్నది. రొట్టెపిండిలో చెట్టుబెరడు కలుపుకొని తినిన జ్ఞాపకమింకను చెరగని దినములలోనే ఈ జాతి తల్లిని గూర్చి ఆలోచించుట మొదలుపెట్టినది. కలిమి వచ్చిన తరువాత కరుణ పుట్టలేదు. కరుణ పుట్టిన తరువాతనే కలిమి వచ్చినది.

ఆ ఆలోచనకు తొలి ఆధారము స్త్రీల యోటు. 1906లోనే, ఐరోపాలో అందరికంటె ముందుగా, ఇచటి స్త్రీలకు ఓటుహక్కు లభించినది. మరుసటి యేట పంతొమ్మిదిమంది స్త్రీలు శాసనసభలో కూర్చుండిరి. వారిలో మీనా సిల్లన్‌పా ఒకప్పుడు ఇండ్లలో పనిచేసిన దాసీ. 1926లో ఆమెయే దేశపు మొదటి మహిళా మంత్రి యైనది. దిక్కులేని తల్లులకును పసిబిడ్డలకును నీడ కల్పించుటకై ఆమె జీవితాంతము పాటుపడినది. 1918లో సోఫీ మన్నర్హైమ్ అను నర్సు హెల్సింకిలో లాస్తెన్‌లిన్నా, అనగా ‘పిల్లలకోట’, అను ఆశ్రయమును స్థాపించినది. దానికి వెన్నెముకయై నిలిచిన వైద్యుడు ఆర్వో యుల్పో.

యుల్పో బెర్లినులో ఏండ్ల తరబడి నెలలు నిండక పుట్టిన శిశువులను పరిశోధించినవాడు. అట్టివారు బ్రతుకుటకు పుట్టినవారు కారని లోకమెల్ల చేతులు దులుపుకొనిన కాలమది. వారు విధివిడిచిన జీవులు కారనియు, చికిత్సకర్హులైన రోగులనియు ఆయన నిలిచి వాదించెను. రెండున్నర కిలోలకు తక్కువ తూగు శిశువును ప్రత్యేకముగా చూడవలెనని నేడు లోకమంతట వాడుకలోనున్న కొలతకు మూలము 1919 నాటి ఆయన రచనయే. ఆయన స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట, 1922లో, పిల్లలకోటలో మొదటి ‘నెఉవొలా’ వెలసినది. ‘నెఉవొ’ అనగా సలహా. నెఉవొలా సలహా దొరకు చోటు. ఆసుపత్రికి రోగముతో పోవుదుము. నెఉవొలాకు రోగము లేనప్పుడు పోవుదుము. ఈ భేదములోనే యుల్పో మహాశయుని దర్శనమంతయు ఇమిడియున్నది.

1937లో ప్రసూతి సహాయ చట్టము వచ్చినది. మరుసటి యేటినుండి పేద తల్లులకు 450 మార్కుల విలువగల సహాయము, ధనముగా గాని వస్తువులుగా గాని, అందసాగినది. ఆనాటి కట్టలో కుట్టుకొనుటకు గుడ్డ యుండెడిది. తల్లులు దీపపు వెలుగులో తామే చొక్కాలు కుట్టుకొనెడివారు. పిమ్మట సోవియట్ దేశముతో యుద్ధము వచ్చినది. గుడ్డకు కరవు వచ్చినది. అయినను పథకము నిలిచినది. ఆ యుద్ధము సాగుచుండగనే, 1944లో, ప్రతి స్థానికసంఘమును నెఉవొలా నడపవలెననియు, మంత్రసానిని నియమింపవలెననియు శాసించిరి. 1949లో ధనిక, పేద భేదము లేక సహాయమును తల్లులందరికిని విస్తరింపజేయుచు, ఒక్క షరతు పెట్టిరి: నాలుగవ నెల ముగియులోపల తల్లి నెఉవొలాకు గాని వైద్యునికి గాని చూపించుకొని యుండవలెను. ఆ షరతే నా దృష్టిలో అసలు కానుక. పెట్టె కొఱకు వచ్చిన తల్లికి రక్తపుపోటు చూచిరి, మూత్రము పరీక్షించిరి, బిడ్డ గుండె విని చెప్పిరి. అట్టపెట్టె కేవలము పిలుపు. పేరంటము లోపల నున్నది.

మొన్న మంగళవారము నేను నెఉవొలాకు వెళ్లినప్పటి సంగతి చెప్పెదను. ఇచట గర్భమును నెలలతో లెక్కింపరు. చివరి ముట్టు మొదటి దినమునుండి వారములతో, దినములతో లెక్కింతురు. నా కార్డుపై నర్సు ‘24+3’ అని వ్రాసినది. ఇరువదినాలుగు వారముల మీద మూడు దినములని యర్థము. ఆ మూడు దినములను గూడ విడువకుండుట నాకు మొదట వింతగా దోచెను. 22 వారములు నిండినది మొదలు ఈ దేశపు లెక్కలలో బిడ్డ యేస్థితిలో పుట్టినను అది జననమే. ఆ మీద గర్భములో గడపు ప్రతి దినమును ఊపిరితిత్తులకు బలము చేకూర్చుననియు, లోని గాలితిత్తులు అంటుకొనిపోకుండ కాపాడు పదార్థము ఈ వారములందే ఊరుట మొదలిడి నెలలు నిండుకొలది సమృద్ధి యగుననియు ఆమె వివరించిన పిమ్మట ఆ కూడిక గుర్తులో నాకు యుల్పో గారి చేవ్రాలు కనబడినట్లయ్యెను.

ఆమె నన్ను పరుండబెట్టి, పొత్తికడుపు క్రింది యెముకనుండి గర్భాశయపు శిఖరము వరకు దర్జీవారి వంటి టేపుతో కొలిచినది. ఇరువదినాలుగు సెంటీమీటర్లు. ఈ దశలో వారమెంతయో కొలతయు ఇంచుమించు అంతయే యుండుట సహజమట. కార్డులోని వంపుగీతపై ఒక చుక్క పెట్టి, “సరిగా దారిమీదనే యున్నది,” అనినది. నా బిడ్డ ఇప్పుడు ముప్పాతిక కిలోకు చేరువలో, అడుగుకు కొంచెము మించిన నిడివితో నున్నాడు, శబ్దమునకు ఉలికిపడును, మూసికొనియున్న కనురెప్పలు ఇంకొక రెండు మూడు వారములలో విడివడును, ఎక్కిళ్లు వచ్చినప్పుడు నా పొట్ట లయబద్ధముగా అదరును. 28వ వారమునకు కిలో తూకము దాటును.

ఇక తల్లి సంగతి. నడుము లాగుట, రాత్రివేళ పిక్కలు పట్టుట, గుండెలో మంట, సాయంత్రమునకు పాదములు కొంచెము ఉబ్బుట, నాభి మీదుగా నల్లని గీత దిగుట, ఇవన్నియు ఈ కాలపు సహజ లక్షణములు. అప్పుడప్పుడు పొట్ట రాయివలె బిగిసి అరనిమిషములో సడలును; నొప్పి లేకున్నచో భయపడ పనిలేదు. కాని ఆ బిగువులు క్రమము తప్పక నొప్పితో వచ్చినను, రక్తము కనబడినను, నీరు కారినను, విడువని తలనొప్పితో చూపు మసకబారినను, ముఖము హఠాత్తుగా ఉబ్బినను, ప్రక్కటెముకల క్రింద నొప్పి పుట్టినను, అలవాటైన కదలికలు తగ్గినను తెల్లవారువరకు ఆగరాదు. ఆ క్షణమే ఆసుపత్రికి పోవలెను. ఈ మాటలను నర్సు రెండుమార్లు చెప్పి, నాచేత ఒకమారు చెప్పించుకొన్నది.

24 నుండి 28 వారముల నడుమ చేయు చక్కెర పరీక్షయు నాకు ముగిసినది. రాత్రినుండి ఉపవాసముండి, ఉదయము ఒకమారు రక్తమిచ్చి, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీటిని త్రాగి, గంటకొకమారు చొప్పున మరి రెండుమార్లు రక్తమిచ్చితిని. మాయనుండి పుట్టు హార్మోనులు ఈ కాలమున ఇన్సులిను పనిని మందగింపజేయుననియు, మన దక్షిణాసియా స్త్రీలకు ఈ ముప్పు ఎక్కువనియు చెప్పిరి. అక్కలారా, చెల్లెండ్రారా, మీ మీ ఊళ్లలో సీమంతపు పీటలపై కూర్చుండు ముందో వెనుకో, ఈ పరీక్షయు, రక్తహీనత పరీక్షయు తప్పక చేయించుకొనుడని చేతులు జోడించి వేడుచున్నాను. అక్షింతలతోబాటు అదియు ఆశీర్వచనమే.

మా పొరుగింట ఎనుబదేండ్లు దాటిన అవ్వ యున్నది. ఆమె పుట్టినది ఆవిరిస్నానపు గదిలో. ఆ కాలపు పల్లెలలో వెచ్చదనము, వేడినీరు, శుభ్రత మూడును ఒక్కచోట దొరకునది ‘సౌనా’ మాత్రమే గనుక తల్లులు అచటనే ప్రసవించెడివారు. కుంపటి, సాంబ్రాణిపొగ, మంత్రసాని కూడిన మన పురిటిగదిని నేను వర్ణింపగా ఆమె నా చేయి పట్టుకొని, “అయితే మీ అమ్మమ్మకును మా అమ్మకును ఒకరి భాష ఒకరికి తెలిసియే యుండును,” అనినది. తనకు ముందు పుట్టిన అన్నకు పేరు పెట్టుటకైనను వ్యవధి లేకపోయెనని పిమ్మట మెల్లగా చెప్పినది. ఆమె చిన్నతమ్ముడు పుట్టునాటికి ఆ యింటికిని పెట్టె వచ్చినదట. పెట్టెకంటె ముందు నర్సు వచ్చినదట.

ఆ మాటను నేను అమ్మకు చెప్పితిని. చాలసేపు ఆమె పలుకలేదు. ఈ ఉదయము తానే ఫోను చేసి, తన పాత నూలుచీరలు రెండు ఉతికి, ఎండలో ఆరవేసి, పొత్తిళ్లకై చించి మడతపెట్టితిననియు, తపాలాలో వేయుచున్నాననియు చెప్పినది. “ఆ పెట్టెలోనే పెట్టుకో. ఇవి కొత్తవి కావులే, ఫరవాలేదు,” అనినది. పెట్టె మూత నేను మరల వేయలేదు. పరుపునకును ఉన్ని దుప్పటికిని నడుమ ఆ మడతలకై చోటుంచితిని.