గిరి గీశాకే లెక్క

1858 మార్చి 10న డాక్టర్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు. అంతకు ముందటి ఏడాది తిరుగుబాటులో పట్టుబడినవాళ్లను సముద్రం దాటించి ఉంచడానికి తెరిచిన శిక్షా స్థావరం అది. మూడు నెలలు గడిచి జూన్ 16 వచ్చేసరికి అక్కడి ఖైదీల పద్దు ఇలా ఉంది. అప్పటిదాకా వచ్చినవాళ్లు 773. ఆసుపత్రిలో పోయినవాళ్లు 64, పారిపోయి మళ్లీ దొరకనివాళ్లు 140, ఉరి తీసినవాళ్లు 87, ఆత్మహత్య చేసుకున్నది ఒకరు, మిగిలింది 481. కూడి చూసుకోండి, ఒక్క అంకె తేడా రాదు. అడవిలోకి పోయిన ఆ 140 మందీ ఆకలికో అండమానీయుల బాణాలకో బలై ఉంటారని అధికారుల అంచనా. వాళ్లలో దూధ్‌నాథ్ తివారీ ఒకడు. ఏప్రిల్ 23న పారిపోయి, బాణాల దెబ్బలు తిని, అండమానీయుల మధ్యే ఏడాదికి పైగా బతికాడు, వాళ్ల ఇంటి పిల్లనే పెళ్లాడాడు కూడా. 1859 మేలో స్థావరానికి తిరిగొచ్చి, వాళ్లు స్థావరంలోని అబర్డీన్ మకాం మీదికి దాడికి వస్తున్నారని ముందే చెప్పి, క్షమాభిక్ష సంపాదించుకున్నాడు. (తిండి పెట్టి కాపాడినవాళ్ల గుట్టు చెప్పి సంపాదించుకున్న క్షమాభిక్ష అన్న మాట కూడా ఇక్కడ అనుకోక తప్పదు.) పద్దులో కూడిక సరిగానే ఉంది, చచ్చిపోయి ఉంటారనుకున్న గడిలో మాత్రం ప్రాణమున్న మనిషి ఉన్నాడు.

వాణిజ్య, సాంఘికశాస్త్ర విద్యార్థులకు కాలేజీల్లో చెప్పే పరిమిత గణితం, అంటే ఫైనైట్ మ్యాథమెటిక్స్, పుట్టుక నుంచీ ఈ గడుల గణితమే. 1957లో అమెరికాలోని డార్ట్‌మౌత్ కాలేజీ అధ్యాపకులు జాన్ కెమెనీ, లారీ స్నెల్, జెరాల్డ్ థాంప్సన్ ఈ పేరుతో పాఠ్యపుస్తకం తెచ్చారు. కలన గణితం భౌతికశాస్త్రానికి పనికొచ్చినంతగా సమాజాన్నీ వ్యాపారాన్నీ చదివేవాళ్లకు పనికిరాదు, వాళ్లకు కావలసింది తర్కం, సమితులు, సంభావ్యత, మాత్రికలు, లీనియర్ ప్రోగ్రామింగ్ అన్నది వాళ్ల వాదం. మన బి.కాం. పిల్లలు బిజినెస్ మ్యాథమెటిక్స్ పేరిట చదివేది చాలావరకు ఇదే సరుకు. ఆ పుస్తకం వచ్చిన పదేళ్లకు, 1967లో, పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వ కళాశాల వెలిసింది. ఇప్పుడది జవాహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయ. మొదట చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం కింద, తరవాత పుదుచ్చేరి కింద నడుస్తూ వచ్చింది. అంటే బియ్యం, సిమెంటులాగే సిలబస్ కూడా ఒడ్డు అవతలి నుంచే దిగుమతి. లెక్కలు మాత్రం దిగుమతి కానక్కరలేదు. ఈ గణితంలో అసలు కష్టం హెచ్చవేతల్లో లేదు, సమితి చుట్టూ గిరి గీయడంలో ఉంది. అది తెలియడానికి అండమాన్ చరిత్రను మించిన పాఠం మరొకటి ఉండదని నా వాదన.

వాకర్ తరవాత అర్ధశతాబ్దానికి స్థావరం ఒక యంత్రంలా కుదురుకుంది. 1906లో సెల్యులర్ జైలు కట్టడం పూర్తయ్యేనాటి పద్ధతి చూడండి. కొత్త ఖైదీకి మొదటి ఆరు నెలలూ ఆ జైలు ఒంటరి గది. తరవాత ఏడాదిన్నర నలుగురితో కలిసి ఉండే జైలు. ఆపైన మూడేళ్లు రాత్రి బారకాసులో తాళం, పగలు కాపలా మధ్య కూలి. మరో ఐదేళ్లు కూలే కాని, కాస్త తేలిక పనీ, చిల్లర భత్యమూ ఉంటాయి. అలా పదేళ్లు నిండితే ‘సెల్ఫ్ సపోర్టర్’ టికెట్టు. ఊళ్లో ఉండవచ్చు, పొలం దున్నవచ్చు, పెళ్లాడవచ్చు, దీవి మాత్రం దాటకూడదు. నడవడి బాగుంటే 20, 25 ఏళ్లకు విడుదల. మెడలో వేలాడే చెక్క బిళ్ల మీద ఖైదీ నంబరు, శిక్ష పడిన సెక్షను, శిక్ష తేదీ, విడుదల తేదీ ఉండేవి. బిళ్ల చూస్తే మనిషి ఏ గడిలో ఉన్నాడో తెలిసిపోయేది. సరిగ్గా ఆ 1906లోనే రష్యాలో ఆంద్రేయ్ మార్కోవ్ ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే గొలుసుల మీద తన తొలి వ్యాసం అచ్చువేశాడు. ఈ రెంటికీ సంబంధం లేదు, వట్టి కాకతాళీయం. కాని 1960లో కెమెనీ, స్నెల్ మార్కోవ్ గొలుసుల మీద రాసిన పుస్తకం పట్టుకుని పోర్ట్ బ్లెయిర్ శిక్షా క్రమాన్ని మాత్రికగా రాయమంటే డిగ్రీ విద్యార్థి ఒక పూటలో రాసేయగలడు. విడుదల, మరణం శోషక స్థితులు, అంటే అడుగుపెట్టాక తిరిగిరాని గడులు.

ఇది చరిత్ర మెడలో మనం తరవాత వేసిన బిళ్ల అని ఎవరైనా అనవచ్చు. ఆ జైలరుకు మాత్రిక తెలియదు. పైగా మార్కోవ్ గొలుసుకు గతంతో పనిలేదు, ఇప్పుడున్న గడి తెలిస్తే చాలు. ఖైదీకి గతమే సర్వస్వం. ఎన్నేళ్లయింది, నడవడి ఎలా ఉంది అన్నదాన్ని బట్టే తరవాతి మెట్టు. ఆక్షేపణ న్యాయమైనదే. దీనికి విరుగుడు కూడా ఆ గణితంలోనే ఉంది. ‘బారకాసు’ అని ఒకే గడి పెట్టకుండా, ‘బారకాసు, రెండో ఏడు, మచ్చలేని నడవడి’ అని గడిని చీలిస్తే గతమంతా వర్తమానంలోకి వచ్చేస్తుంది. చీల్చాల్సింది ఎక్కడో, ఎంత సన్నగానో గణితం చెప్పదు. ‘మచ్చలేని’ అన్న మాటకు అర్థం రాసేది కాపలావాడు. మళ్లీ గిరి దగ్గరికే వచ్చాం.

నికోబారులో గిరి గీసింది అధికారి కాదు, వర్తకం. అక్కడ చాలాకాలం కొబ్బరికాయే నాణెం. కాయల్ని జతల్లో, ఆపైన ఇరవైల్లో లెక్కించేవారు. మనవాళ్లు పుంజీల్లెక్కన ఎంచినట్టే, సరుకును బట్టి ప్రమాణం. అండమానీయులకు ఒకటికీ రెంటికీ తప్ప అంకెల మాటల్లేవనీ, చిటికెనవేలి నుంచి మొదలెట్టి ఒక్కో వేలికొనా ముక్కుకు తాకిస్తూ పది దాకా పోతారనీ బ్రిటిష్ అధికారి ఇ.హెచ్. మాన్ రాశాడు. దాన్ని వెనకబాటుగా చూసినవాళ్లు చాలామంది. కాని ఒక వేలికి ఒక వస్తువును జత చేయడం సమితుల అధ్యాయంలో మొదటి మెట్టే.

ఇప్పటి సంగతికొస్తే, ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 2011 జనాభా లెక్కల ప్రకారం 13 శాతానికి పైనే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకూ కూలికీ పోయి స్థిరపడిన కుటుంబాలు వాళ్లలో ఎక్కువ. అదే లెక్కల్లో దీవుల షెడ్యూల్డ్ కులాల జనాభా గడిలో ఉన్నది సున్న. అక్కడ దళితులు లేక కాదు. ఆ కేంద్రపాలిత ప్రాంతానికి షెడ్యూల్డ్ కులాల జాబితా అంటూ నోటిఫై కాలేదు గనక. ‘శూన్య సమితికి ఉదాహరణ ఇవ్వండి’ అన్న ప్రశ్నకు ఇంతకన్నా చురుక్కుమనే జవాబు దొరకడం కష్టం. ఓబీసీ జాబితా ఇంకో తీరు. లోకల్ బార్న్ (1942కి ముందు స్థిరపడిన ఖైదీల, వలసదారుల సంతతి), భాంటులు, మోప్లాలు, కరెన్లు, తూర్పు పాకిస్తాన్ నుంచి తెచ్చి నిలిపిన బెంగాలీలు. ఇక్కడ కులం కన్నా ఎప్పుడు వచ్చారు, ఎలా వచ్చారు అన్నదే గిరి. అవతలి ఒడ్డున ఏ జాబితాలో ఉన్నా, ఓడ దిగాక తెలుగు జాలరి కొడుకు ఈ ఐదింటిలో దేనిలోకీ రాడు.

ఇది రాజకీయం, చట్టం, గణితం ఎందుకవుతుంది అని రెండో ఆక్షేపణ. డార్ట్‌మౌత్ పుస్తకం తర్కంతోనూ సమితులతోనూ మొదలైంది ఊరికే కాదు. ఎవరు లోపల, ఎవరు బయట అన్నది స్పష్టంగా చెప్పలేకపోతే సంభావ్యత అధ్యాయానికి అర్థమే ఉండదు. పైగా రేపు గణాంక శాఖలోనో బ్యాంకులోనో కూచుని ఆ గిరులు గీసేది బి.కాం., బి.ఏ. చదివిన పిల్లలే. ఈ గొడవ ప్రధాన భూభాగంలోనూ ఉందిగా, దీవులనే ఎందుకు పట్టుకోవాలి అంటారా? దీవుల్లో సంఖ్యలు చిన్నవి. కోటిమందిలో వెయ్యిమంది పొరపాటు ఎవరి కంటా పడదు. గ్రేట్ అండమానీయులు 1901లో 625 మంది, 1961లో 19, 2011లో 44. చివరి పెరుగుదలలో ఇతరులతో పెళ్లిళ్ల వల్ల పుట్టిన సంతానం కూడా ఉంది. వాళ్లను లోపల లెక్కపెట్టాలా, బయటా? పది తెగలుగా బతికినవాళ్లను ఒకే పేరు కింద కలిపేయడమే ఒక గిరి. 44 మందికి ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే తెగ పెరుగుతున్నదో తరుగుతున్నదో చెప్పే వాక్యమే మారిపోతుంది.

బయటివాళ్లను రానీయని ఉత్తర సెంటినెల్ దీవిలో ఆ గిరి సముద్రమే గీసింది. గణకులు దీవి మీద కాలు పెట్టరు, దూరం నుంచి పడవలో చూసి కనిపించినవాళ్లను ఎంచుతారు. 2001లో 39 అని రాశారు, 2011లో 15. జనం సగానికి పైగా తగ్గారని ఈ రెండంకెలు చూసి చెప్పేవాళ్లున్నారు. నిజానికి లెక్కపెట్టిన సమితి దీవి మీది మనుషులది కాదు, ఆ పూట చెట్ల చాటు నుంచి తీరానికి వచ్చినవాళ్లది. మిగతావాళ్లు, ఎందరైనా కానీ, దూధ్‌నాథ్ తివారీ ఉన్నచోటే ఉన్నారు.