జిల్లా వార్తల్లో బాలల గోప్యత: ఉత్తర తెలంగాణ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

పేరు రాయనంత మాత్రాన వార్తలోని బిడ్డకు రక్షణ లభిస్తుందా అన్న ప్రశ్నకు నగరంలో ఒక సమాధానం, పల్లెలో మరొక సమాధానం వస్తుంది. హైదరాబాదులోని ఒక పెద్ద బస్తీకి చెందిన పదమూడేళ్ల బాలిక అంటే చదువరికి ఆమె ఎవరో తెలియదు. ఆదిలాబాద్ ఏజెన్సీలో ఇరవై ముప్పై ఇళ్లున్న గూడెం పేరు, బాలిక చదువుతున్న తరగతి, తండ్రి వృత్తి రాస్తే ఆమె ఎవరో చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుంది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో వార్త బిడ్డకు ఎలా దగ్గరైందో, ఆ సాన్నిహిత్యాన్ని చట్టం ఎంతవరకు గుర్తించిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దూరం నుంచి చూసిన పత్రిక

తెలంగాణలో తొలితరం తెలుగు పత్రికలకు సంఘసంస్కరణ ప్రధాన లక్ష్యం. 1922లో ఇనుగుర్తి నుంచి 'తెనుగు', నల్లగొండ నుంచి 'నీలగిరి' వెలువడ్డాయి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 'గోలకొండ' హైదరాబాదులో ఆరంభమైంది. 1930లో జోగిపేట సభతో మొదలైన నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ వెట్టిని బహిరంగ చర్చకు తెచ్చింది. దొరల ఇళ్లలో ఆడబాపలుగా బతుకు వెళ్లదీసిన బాలికల దుఃస్థితి కూడా ఆ కాలపు సంస్కర్తల దృష్టికి వచ్చింది. అక్షరాస్యత అతిస్వల్పంగా ఉన్న ఆ రోజుల్లో వార్తకు వస్తువైన కుటుంబానికీ, వార్త చదివే వర్గానికీ మధ్య చాలా దూరం ఉండేది. ఆ దూరం అన్యాయానికి గుర్తే. అయినా అచ్చైన వార్త తిరిగి బిడ్డ వాకిట్లోకి వచ్చి అవమానంగా మారే అవకాశం అప్పుడు తక్కువ.

మండల విలేకరి, జిల్లా అనుబంధం

ఈ దూరాన్ని రెండు పరిణామాలు చెరిపివేశాయి. 1985లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మండల వ్యవస్థ వచ్చింది. 1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలను ప్రారంభించింది. తరువాత ఇతర దినపత్రికలూ అదే బాట పట్టాయి. ప్రతి మండలానికి ఒక విలేకరి అవసరమయ్యాడు. కంట్రిబ్యూటర్‌గా పిలిచే ఈ విలేకరి ఆ ఊరివాడే. వార్తలోని కుటుంబాన్ని అతడు ఎరుగును, ఆ కుటుంబమూ అతణ్ణి ఎరుగును.

ఈ సాన్నిహిత్యం మేలు చేసింది. చేతిపంపు చెడిపోవడం, బడికి పంతులు రాకపోవడం, గూడేల్లో వానాకాలపు జ్వరాలు, బీడీలు చుట్టే ఇళ్లలో బడి మానిన పిల్లలు వార్తలయ్యారు. అదే సాన్నిహిత్యం హానికీ దారితీసింది. జిల్లా పేజీకి వివరమే ప్రాణం. ఊరు, వాడ, కులం, ఇంటిపేరు లేని వార్త అసమగ్రమన్నది వార్తారచనలో స్థిరపడిన అలవాటు. బాలలకు సంబంధించిన నేరవార్తలో అవే వివరాలు ఆనవాళ్లవుతాయి. 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ నాలుగు జిల్లాలుగా విడిపోయింది. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. జిల్లా చిన్నదైన కొద్దీ వార్తలోని బిడ్డకు, చదువరికి మధ్య దూరం మరింత తగ్గింది.

చట్టం నడిచిన దారి

బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి ఆమోదించింది కూడా 1989లోనే, నవంబరు 20న. అందులోని 16వ అధికరణం బాలల ఏకాంత జీవితానికి, గౌరవానికి రక్షణ కోరుతుంది. భారతదేశం 1992 డిసెంబరులో ఆ ఒడంబడికలో చేరింది. అంతకు ముందే 1986 నాటి బాలల న్యాయ చట్టంలోని 36వ సెక్షన్, విచారణలో ఉన్న బాలల పేరు, చిరునామా, బడి, చిత్రం ప్రచురించడాన్ని నిషేధించింది. జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. 2000 నాటి చట్టం దృశ్యమాధ్యమాలను కూడా ఈ నిషేధం పరిధిలోకి తెచ్చింది. 2006 సవరణ జరిమానాను 25 వేలకు పెంచింది. 2015 చట్టంలోని 74వ సెక్షన్ నేరానికి గురైన బాలలను, సాక్షులైన బాలలను కూడా చేర్చి, ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునన్నది.

లైంగిక నేరాల నుంచి బాలలను రక్షించే 2012 నాటి పోక్సో చట్టం జిల్లా విలేకరికి మరింత ముఖ్యం. దాని 23వ సెక్షన్ పేరు, చిరునామా, ఛాయాచిత్రం, కుటుంబ వివరాలు, బడితోపాటు ఇరుగుపొరుగును కూడా నిషేధ జాబితాలో చేర్చింది. ఇరుగుపొరుగు అన్న ఆ ఒక్క మాట గూడెంలోని బాలికకు నగర బాలిక కంటే ఎక్కువ అవసరం. ఉద్యోగి తప్పుకు ప్రచురణకర్తను, యజమానిని కూడా అదే సెక్షన్ బాధ్యులను చేస్తుంది. కనుక ఆ భారం మొత్తాన్ని కంట్రిబ్యూటర్ మీద నెట్టివేయడానికి వీలులేదు.

2019: పేరుకు బదులు పేరు

నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 11న తీర్పునిస్తూ, అత్యాచార బాధితురాలు మరణించినా ఆమె గుర్తింపును వెల్లడించరాదని చెప్పింది. ఉద్యమానికి చిహ్నంగా బాధితురాలి పేరే వాడనవసరం లేదని కూడా ఆ తీర్పు స్పష్టం చేసింది. ఆరు నెలలు గడిచాయో లేదో, 2019 జూన్‌లో హనుమకొండలో హత్యకు గురైన తొమ్మిది నెలల పసికందు పేరు న్యాయం కోరే నినాదాల్లోనే ఊరూరా తిరిగింది. ఆగ్రహం న్యాయమైనదే. కానీ ఆ పేరు చెప్పకుండానే ఆ ఆగ్రహాన్ని వ్యక్తం చేయవచ్చునన్న ఆలోచన అప్పటికి బలపడలేదు.

అదే ఏడాది నవంబరులో కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో హత్యాచారానికి బలైన దళిత మహిళకు పోలీసులు 'సమత' అన్న పేరు పెట్టారు. ఆదిలాబాద్ ప్రత్యేక న్యాయస్థానం 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష విధించినప్పుడు ఆ తీర్పు సమత కేసు తీర్పుగానే ప్రజలకు చేరింది. ఆమె బాలిక కాదు. అయినా ఈ పరిశీలనకు ఆ ఉదాహరణ అవసరం. మారుపేరుతో కూడా వార్త నిలబడుతుందని, జనం స్పందిస్తారని, న్యాయవిచారణ సాగుతుందని ఈ ప్రాంతపు అనుభవమే చూపింది.

చట్టం చేరని చోటు

నేరవార్తలకు హద్దు గీసిన చట్టం పేదరికపు చిత్రాలను అంతగా పట్టించుకోలేదు. సిరిసిల్లలో నేతకార్మికుల ఆత్మహత్యలు, ఉత్తర తెలంగాణలో పత్తిరైతుల ఆత్మహత్యలు తరచు వార్తలైన సంవత్సరాల్లో, తండ్రి శవం పక్కన ఏడుస్తున్న పిల్లల చిత్రం పాఠకుడికి చిరపరిచితం. ఆ చిత్రం ప్రభుత్వాన్ని కదిలిస్తుందన్న వాదనలో నిజం లేకపోలేదు. అయితే మరునాడు బడికి వెళ్లే ఆ పిల్లవాడిని ఎవరూ అనుమతి అడగలేదు. ఇచ్చే వయసు వాడికీ లేదు. మగ్గం, అప్పుపత్రం, మూతపడ్డ కార్ఖానా, ఎండిన చేను కూడా ఆ దుఃఖానికి కారణాన్ని చెప్పగలవు. పిల్లవాడి ముఖం కారణాన్ని చెప్పదు, ఫలితాన్ని మాత్రమే చూపుతుంది.

భాష విషయంలోనూ ఇదే పరిస్థితి. 'బాల నేరస్థుడు' అన్న మాటను చట్టం విడిచిపెట్టింది. పత్రికాభాష దాన్ని పూర్తిగా విడవలేదు. 'అనాథ', 'అభాగ్యురాలు' వంటి విశేషణాలు జాలి చూపుతూనే బిడ్డను జీవితాంతం ఆ ఒక్క సంఘటనకు కట్టివేస్తాయి. పత్రికారచన బోధించే తెలుగు శాఖలు ఈ పదజాలాన్ని వార్తారచన పాఠాల్లో చర్చకు తేవలసి ఉంది. ఆ చర్చలో మండల విలేకరికి స్థానం ఉండాలి. ఏ వివరం రాస్తే ఏ ఇల్లు బయటపడుతుందో రాజధానిలోని ఉపసంపాదకుడి కంటే అతడికే ఎక్కువ తెలుసు.