భద్రతా టోకెన్: పంచుకున్న రహస్యం నుండి పంచుకోని తాళంచెవి వరకు

అంతర్జాలంలో దాచుకున్న సమాచారానికి చాలాకాలం పాస్‌వర్డే ఏకైక కాపలా. దాని బలహీనతను 2012 నాటి డ్రాప్‌బాక్స్ ఉదంతం చాటింది. ఒక ఉద్యోగి వేరొక సైటులోనూ వాడిన పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కింది. సుమారు 6.8 కోట్ల ఖాతాల వివరాలు చోరీ అయినట్లు 2016లో వెల్లడైంది.

చేతిలో ఇమిడే పరికరంతో రెండవ రక్షణ కల్పించే పద్ధతి అప్పటికే ఉంది. ఆర్‌ఎస్‌ఏ సంస్థకు చెందిన సెక్యూర్‌ఐడీ టోకెన్ నిర్ణీత వ్యవధికొక కొత్త సంఖ్యను చూపేది. అయితే ఆ సంఖ్యకు మూలమైన రహస్యం సర్వర్‌లోనూ ఉండవలసిందే. 2011 మార్చిలో ఆ సంస్థపై జరిగిన సైబర్ దాడి ఈ లోపాన్ని బయటపెట్టింది. అంతేగాక, వినియోగదారుడు నకిలీ పుటలో టైపు చేసిన సంఖ్యను మోసగాడు వెంటనే వాడుకోగలడు.

2014లో ఫిడో కూటమి వెలువరించిన యూ2ఎఫ్ ప్రమాణం ఈ రెండింటికీ పరిష్కారం చూపింది. ఇందులో ప్రైవేట్ కీ పరికరాన్ని దాటి రాదు. సర్వర్ వద్ద పబ్లిక్ కీ మాత్రమే ఉంటుంది. పరికరం చేసే డిజిటల్ సంతకం సైటు చిరునామాతో ముడిపడి ఉండటం వల్ల, నకిలీ పుట రాబట్టిన సంతకం అసలు సైటులో చెల్లదు. డ్రాప్‌బాక్స్ 2015లో దీనిని స్వీకరించింది.

రహస్యాన్ని ఇరుపక్షాలూ పంచుకోవలసిన అవసరం తొలగడమే ఈ చరిత్రలో అసలు మలుపు. అయినా, పరికరం పోగొట్టుకున్న వారికి ఎస్ఎంఎస్ వంటి మార్గంలో ప్రవేశం కల్పించినంత కాలం, ఖాతా భద్రత ఆ మార్గపు బలాన్ని మించదు.