కందెన నుంచి ఇంజిన్ ఆయిల్ దాకా: పజుండౌంగ్ మీదుగా ఒక చరిత్ర

కారు ఇంజిన్‌లో నూనె ఎన్ని మైళ్ళకోసారి మార్చాలి? అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో ఒక తరం ఈ ప్రశ్నకు తడుముకోకుండా మూడు వేలని జవాబు చెప్పేది. ఇప్పటి కార్లతో వచ్చే సూచనల పుస్తకాలు చాలావరకు 5,000 నుంచి 10,000 మైళ్ళ దాకా పరవాలేదంటున్నాయి. 1927 డిసెంబరులో అమ్మకానికి వచ్చిన ఫోర్డ్ మోడల్ ఎ కారు పుస్తకం మాత్రం 500 మైళ్ళకే మార్చమంది. ఒకే ప్రశ్నకు ఇన్ని జవాబులున్నాయంటే ఆ అంకె ప్రకృతి నియమం కాదన్నమాట. దానికొక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఆముదానికీ, బర్మా వెళ్ళిన తెలుగు కూలీలకూ, రంగూన్‌లోని పజుండౌంగ్ వాగుకూ చోటుంది.

మనిషే కొలమానం

యంత్రాలు రాకముందే తెలుగులో కందెన అనే మాట ఉంది. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి బండి ఇరుసుకు రాసేవారు. ఎన్నాళ్ళకోసారి రాయాలో ఎవరూ లెక్కకట్టలేదు. దూరప్రయాణానికి ముందు రాసేవారు, ఇరుసు కీచుమన్నప్పుడు రాసేవారు. అంటే వేళను నిర్ణయించింది బండివాడి చెవి.

ఆవిరియంత్రాలు వచ్చినా ఈ పద్ధతి పూర్తిగా మారలేదు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక బర్మా బియ్యానికి ఐరోపాలో గిరాకీ పెరిగింది. రంగూన్ తూర్పు అంచున పజుండౌంగ్ వాగు గట్టు వెంబడి బియ్యపు మిల్లులు వరసగా లేచాయి. పడవల్లో ధాన్యం వచ్చేది. దంచగా మిగిలిన ఊకనే బాయిలర్లలో కాల్చి యంత్రాలు నడిపేవారు. ఆ మిల్లుల్లో పనిచేయడానికి కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి తెలుగువారు వేల సంఖ్యలో ఓడలెక్కారు. ఊళ్ళలో దాన్ని ‘రంగం వెళ్ళడం’ అనేవారు. బర్మాలో వారిని కోరంగి రేవు పేరిట ‘కోరంగీలు’ అన్నారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే.

ఆనాటి మిల్లు యంత్రాల్లో బేరింగులకు నూనె చుక్కచుక్కగా అందాలి. అందిన నూనె తిరిగి రాదు. కారిపోతుంది, లేదా ఆవిరితో పోతుంది. కాబట్టి పాత నూనె తీసి కొత్తది పోయడమనే ప్రశ్నే లేదు. నూనెడబ్బా పట్టుకుని యంత్రం చుట్టూ తిరిగే మనిషి ఉండాలి, అంతే. ఇరుసు వేడెక్కిందో లేదో చేత్తో తాకి చూసేవాడు, శబ్దం మారితే పట్టుకునేవాడు. కూలి చవకగా దొరికినంతకాలం ఈ ఏర్పాటు యజమానికి లాభసాటిగానే ఉండేది.

రెండు నూనెలు

ఆ డబ్బాలోకి చేరిన నూనెలు రెండు రకాలు. ఒకటి ఆముదం. భారతదేశంలో రైలు ఇంజిన్లకూ మిల్లు యంత్రాలకూ దాన్ని విరివిగా వాడేవారు. ఒత్తిడికి తట్టుకుని లోహానికి అంటిపెట్టుకోవడం దాని గొప్ప గుణం. వేడికి జిగురుకట్టడం దాని లోపం.

రెండవది నేలలోంచి వచ్చింది. ఐరావతి ఒడ్డున ఉన్న యెనాన్జావ్‌లో చేత్తో తవ్విన చమురు బావులను 1795లో బర్మా రాజాస్థానానికి రాయబారిగా వెళ్ళిన మైకేల్ సైమ్స్ చూశాడు. లండన్‌లోని ప్రైస్ కొవ్వొత్తుల కంపెనీ 1854లోనే ఆ ముడిచమురును దిగుమతి చేసుకుని, మైనంతో పాటు యంత్రాల నూనె కూడా తీయడం మొదలుపెట్టింది. ‘రంగూన్ నూనె’ అన్న పేరు ఇంగ్లండులో తుపాకులు తుప్పుపట్టకుండా రాసే నూనెకు స్థిరపడిపోయింది. 1886లో గ్లాస్గోలో బర్మా ఆయిల్ కంపెనీ ఏర్పడింది. పజుండౌంగ్ నుంచి చూస్తే పెగూ నదికి ఆవలి ఒడ్డున, సిరియంలో, ఆ కంపెనీ శుద్ధికర్మాగారం వెలిసింది. అక్కడి కూలీల్లోనూ తెలుగువారున్నారు.

ఈ రెండు నూనెల కథలు తర్వాత కలిశాయి. లండన్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1909లో ఆముదం కలిపిన ఇంజిన్ నూనె తయారుచేసి, ఆముదపు ఇంగ్లీషు పేరు మీదుగా దానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టాడు. ఆ క్యాస్ట్రాల్‌ను 1966లో కొన్నది బర్మా ఆయిల్ కంపెనీయే. అప్పటికి బర్మాలో ఆ కంపెనీకి మిగిలింది పేరు మాత్రమే. 1963లోనే అక్కడి ప్రభుత్వం దాని ఆస్తులను జాతీయం చేసింది.

ఖనిజతైలానికి మరో చరిత్ర కూడా ఉంది. వైద్యవిద్యార్థులు దాన్ని చదువుకుంటారు. లాంకషైర్ నూలుమిల్లుల్లో యంత్రపు నూనె బట్టలకు అంటి, ఏళ్ళ తరబడి తొడలకు రాసుకున్న కార్మికుల్లో వృషణకోశపు కాన్సర్ ఎక్కువగా వస్తోందని 1922లో మాంచెస్టర్ వైద్యులు సదమ్, విల్సన్ గుర్తించారు. ఇంజిన్‌లో మరిగిన నూనె ఆ విషయంలో మరింత చెడ్డది. ఇంట్లోనే నూనె మార్చుకునేవారు చేతితొడుగులు వేసుకోవాలనడానికి కారణమిదే.

‘మార్చడం’ ఎలా పుట్టింది

తొలి మోటారు ఇంజిన్లు కూడా నూనెను వాడి పారబోసేవే. మొదటి ప్రపంచయుద్ధపు రోటరీ విమానాల ఇంజిన్లకు ఆముదం వాడారు, పెట్రోలులో అది సులువుగా కరగదు గనక. ఆ తుంపరలు మింగిన విమానచోదకులకు కడుపు జారేదని చెప్పుకునేవారు. ఆముదం సంగతి తెలిసిన తెలుగువారికి ఇందులో వింతేమీ ఉండదు.

నూనెను అడుగున తొట్టిలో నిలవ ఉంచి, మళ్ళీ మళ్ళీ తిప్పి వాడే ఇంజిన్లు స్థిరపడ్డాకే అసలు ప్రశ్న పుట్టింది. డబ్బా పట్టుకుని తిరిగే మనిషి పోయాడు. అతని చెవీ చెయ్యీ చేసిన పని ఇప్పుడొక అంకె చేయాలి. మోడల్ ఎ ఇంజిన్‌లో నూనె వడపోత లేదు, గాలి వడపోతా లేదు. కాలని పెట్రోలు నూనెలోకి దిగేది. అందుకే 500 మైళ్ళు. 1923లో వచ్చిన ప్యూరొలేటర్ వడపోత క్రమంగా అన్ని కార్లకూ పాకింది. 1930ల నుంచి మసిని గడ్డకట్టనివ్వని రసాయనాలు, తర్వాత అరుగుదలను ఆపేవి నూనెలో చేరాయి. 1970లలో సింథెటిక్ నూనెలు మార్కెట్లోకి వచ్చాయి. ప్రతి మెట్టుకూ అంకె పెరగాల్సింది. కానీ 3,000 దగ్గర అది చాలాకాలం ఆగిపోయింది. నూనె మార్చే దుకాణాలకు ఆ అంకె లాభం, యజమానికి అది నిశ్చింత. చివరికి కాలిఫోర్నియా ప్రభుత్వమే వృథా నూనెను తగ్గించడానికి ఆ అలవాటు మానుకొమ్మని ప్రచారం చేసింది.

మైళ్ళా, గంటలా?

నూనె వయసును మైళ్ళతో కొలవడం రోగి ఆరోగ్యాన్ని వయసుతో కొలవడం లాంటిది. కొంత తెలుస్తుంది, అంతా తెలియదు. నూనెలో మసి, నీరు, పెట్రోలు, లోహపు రజను చేరతాయి. ఇంధనం మండగా పుట్టే ఆమ్లాలను విరిచే క్షారపు నిల్వ తరిగిపోతుంది. మన నెత్తుటిలో బైకార్బనేటు చేసే పని లాంటిదే అది. నిల్వ అయిపోయిన నూనె చూడటానికి జారుడుగానే ఉన్నా లోహాన్ని కాపాడదు. నల్లబడినంత మాత్రాన నూనె చెడినట్టూ కాదు. మసిని తనలో తేల్చి ఉంచుకోవడం దాని పని.

ఇప్పటి యాంగోన్ రోడ్లు దీనికి మంచి ఉదాహరణ. 2011 తర్వాత దిగుమతి ఆంక్షలు సడలడంతో నగరంలో వాడిన జపాను కార్లు విపరీతంగా పెరిగాయి. పజుండౌంగ్ మీదుగా పోయే దారుల్లో కారు గంటకు 10 కిలోమీటర్లు కదిలిందనుకుందాం. 5,000 కిలోమీటర్లకు ఇంజిన్ 500 గంటలు తిరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో హైవే మీద పోయే కారుకు అదే దూరం 50 గంటల పని. రెండింటికీ ఒకే అంకె ఎలా సరిపోతుంది?

అందుకే సూచనల పుస్తకాల్లో రెండు వరసలుంటాయి: మామూలు వాడకం ఒకటి, కఠినమైన వాడకం ఒకటి. ఎండ, దుమ్ము, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్ రెండో వరసలోకి వస్తాయి. షికాగో చలికాలంలో రోజూ రెండు మైళ్ళు నడిపి ఆపేసే కారు కూడా అక్కడికే వస్తుంది. ఇంజిన్ వేడెక్కకముందే ఆగిపోవడం వల్ల నూనెలో చేరిన నీరు ఆవిరికాదు. మైళ్ళు తక్కువే తిరిగిందని ఏళ్ళ తరబడి వదిలేయకూడదు. సాధారణంగా ఏడాదికోసారి మార్చమంటారు. దూరప్రయాణాలే చేసే కారుకు పుస్తకం చెప్పిన పెద్ద అంకెను ధైర్యంగా నమ్మవచ్చు.

1942 మార్చిలో జపాను సైన్యం దగ్గరపడగా బ్రిటిష్‌వారు సిరియం కర్మాగారాన్ని తామే ధ్వంసం చేసి రంగూన్ వదిలారు. అప్పటికే లక్షలాది భారతీయులు దారిపట్టారు, ఎందరో నడకదారుల్లో రాలిపోయారు. పజుండౌంగ్ మిల్లుల్లో డబ్బా పట్టి తిరిగినవారి పేర్లు కంపెనీ చరిత్రల్లో కనిపించవు. ఇరుసు మీద చెయ్యి వేసి వారు అడిగిన ప్రశ్న ఇది: ఈ యంత్రం ఇవాళ ఎంత కష్టపడింది? డాష్‌బోర్డు మీద వెలిగే ఆయిల్ దీపం వెనకున్న లెక్క కూడా, కొత్త కార్లలో, ఇంజిన్ తిరిగిన తీరునూ వేడినీ చూసి ఆ ప్రశ్నకే జవాబు వెతుకుతోంది.